మంచె మీద దాత, మంచె దిగితే లోభి

కేతకీ సంగమేశ్వరుడి గుడితో పేరుపడ్డ ఝరాసంగం జొన్న పండే సీమలో ఉంది. కంకి పాలుపోసుకునే వేళ పిట్టలు గుంపులుగా వాలతాయి. వాటిని తోలడానికే చేలో మంచె, చేతిలో వడిసెల. విక్రమార్కుడి సింహాసనం కథ మొదలయ్యేది అలాంటి మంచె దగ్గరే. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు ఈ కథలను 12 ఆశ్వాసాల ‘సింహాసన ద్వాత్రింశిక’గా తెలుగు చేశాడు.

భోజరాజు పరివారంతో జొన్నచేని పక్కగా పోతుంటాడు. మంచె మీది బ్రాహ్మణుడు కేకేసి పిలుస్తాడు: రండి, కంకులు విరుచుకుని కడుపారా తినండి! వాళ్లు చేలో దిగుతారు. ఇంతలో పిట్టలు తోలడానికి ఆయన కిందికి వస్తాడు. వచ్చీ రాగానే లబోదిబోమంటాడు: పేదవాడి చేను ఇట్లా పాడుచేస్తారా? మళ్లీ ఎక్కుతాడు, మళ్లీ ఆదరంగా పిలుస్తాడు.

మధ్యయుగపు నీతికథల్లో లోభికి తరచూ చావే శిక్ష. 14వ శతాబ్దం చివర ఇంగ్లండులో చాసర్ చెప్పిన కథలో ముగ్గురు కుర్రాళ్లు మృత్యువునే చంపుతామని బయల్దేరి, చెట్టు కింద బంగారం చూసి, వాటాల కోసం ఒకరినొకరు చంపుకుంటారు. అంతకు చాలా ముందే వేదబ్భ జాతకంలో చివరికి మిగిలిన ఇద్దరు దొంగల్లో ఒకడు అన్నంలో విషం కలుపుతాడు, రెండోవాడు కత్తి పట్టుకుని కాచుక్కూర్చుంటాడు. ముడి గట్టిదే. కానీ ఆ దొంగలు మనం కాదు గనక నిశ్చింతగా పుస్తకం మూసేస్తాం. మంచె కథ ఆ నిశ్చింత ఇవ్వదు. ఇందులో దాతా లోభీ ఒక్కడే. తాను మారిపోతున్నట్టు అతనికే తెలియదు.

భోజుడు తానూ మంచె ఎక్కి చూస్తాడు. లోకంలోని దుఃఖమంతా తీర్చేయాలన్నంత దయ పొంగుతుంది. మహిమ నేలదని గ్రహించి, చేను కొని తవ్విస్తాడు. 32 బొమ్మల సింహాసనం బయటపడుతుంది. ఇక్కడి పనితనం నాకు ఎంతో ఇష్టం. ఇచ్చే గుణం పుట్టించే చోటు దొరకగానే రాజుకు కలిగింది దాన్ని సొంతం చేసుకోవాలన్న కోరిక! కథకుడు ఆ మాట పైకి అనడు. వినేవాళ్లకే వదిలేస్తాడు.

రాజు ఎక్కబోతే బొమ్మ ఆపుతుంది: విక్రమార్కుడంతటి ఔదార్యం నీకుందా? నేనూ దాతనే అంటాడతను. తన దానాలు తానే చెప్పుకునేవాడు దాత ఎట్లా అవుతాడని బొమ్మ నిలదీస్తుంది.

అలా రాజును ఆపి బొమ్మలు చెప్పే కథల్లో ఒకదాంట్లో సముద్రుడు విక్రమార్కుడికి నాలుగు రత్నాలు పంపుతాడు. తెచ్చిన బ్రాహ్మణుణ్ణి, ఒకటి కోరుకో అంటాడు రాజు. ఇంటికెళ్లి అడిగితే భార్య, కొడుకు, కోడలు తలా ఒకటి కావాలంటారు. ఆయన మనసు నాలుగోదాని మీద. తగువు తెగదు. విక్రమార్కుడు నాలుగూ ఇచ్చేస్తాడు. తీర్పు చెప్పలేదు, మందలించలేదు. ఆ ఇంటి ఆశను అంత మెత్తగా చూడగలగడంలో ఈ సంప్రదాయపు గొప్పదనం ఉంది.

పిల్లల కోసం కుదించేటప్పుడు సాహసాలు ఉంచి, బొమ్మల ప్రశ్నలు తీసేస్తుంటారు. అప్పుడు విక్రమార్కుడి పొగడ్తే మిగులుతుంది, భోజుడు మాయమవుతాడు. శాపం తగిలిన ఆ బొమ్మలకు విముక్తి దొరికేది భోజుడికి కథలు చెప్పడం వల్లే కదా. కుదించక తప్పకపోతే సాహసాలు నాలుగు తగ్గించండి. రాజు అడుగెత్తడం, బొమ్మ అడగడం మాత్రం ప్రతి కథకూ ఉంచండి.