రాత్రి రెండు గంటలకు ఎవరున్నారు?

మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పడం ఇద్దరు చేయాల్సిన పని. భుజాల దగ్గర్నుంచి తొడల దాకా వచ్చేలా, రెండు మడతలు వేసిన దుప్పటి ఒకటి ఎప్పుడూ కింద పరిచి ఉంచాలి. చెరోవైపు నిలబడి ఆ దుప్పటి అంచులు చుట్టి పట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని, ఒకేసారి జరపాలి. రెక్క పట్టి లాగకూడదు. ముసలి చర్మం ఆ లాగుడుకే చీరుకుపోతుంది. పూర్తిగా పక్కకు ఒత్తిగిలించినా తప్పే; బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడే పుండు లేస్తుంది. వీపు వెనక దిండు ఆనించి ముప్ఫై డిగ్రీలు వాల్చితే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఇంకొకటి పెట్టాలి. ఇక అప్పటిదాకా ఒత్తుకున్న చోటు ఎలా ఉందో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడమని, తెల్లబడితే ఫర్వాలేదని, నొక్కినా ఎరుపు పోకపోతే బెడ్‌సోర్ మొదలైనట్టేనని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు తెల్లవాళ్ల ఒంటిని చూసి రాసినవి. మన చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు కళ్లకు అందదు. చేతి వెనక భాగంతో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగిలితే అదే గుర్తు.

నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన తర్వాత, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ వెలసిన అసిస్టెడ్ లివింగ్ హోముల్లో ఆయాలకు ఇవే నేర్పుతున్నాను. పని నేర్చుకోవడంలో వాళ్లకు వంక పెట్టడానికి లేదు. బడికి పెద్దగా పోనివాళ్లు కూడా రెండో రోజుకల్లా దుప్పటి పట్టు పట్టేస్తారు. ఇబ్బంది అంతా పాఠం అయ్యాక వాళ్లడిగే ప్రశ్నతోనే.

"రెండు గంటలకోపాలి తిప్పాలంటున్నరు గదా మేడమ్, మంచంల ఉన్నోళ్లు పదిమంది. రాత్రి నేనొక్కదాన్నే. ఇంకో చెయ్యి యాడికెల్లి తేవాలె?" అని ఒకామె అడిగింది.

బోర్డు మీద లెక్క వేశాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరికి నాలుగుసార్లు, పదిమందికి నలభై. డైపర్ మార్చి, తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, పక్క సర్దడానికి చేయి తిరిగిన ఇద్దరికి పది నిమిషాలు పడుతుంది. నాలుగు వందల నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు, అదీ ఇద్దరికి. మంచి ఎయిర్ బెడ్ ఉంటే కొందరిని నాలుగు గంటలకోసారి తిప్పినా సరిపోతుందనుకుందాం, లెక్క కొంత తగ్గుతుంది. కానీ బాత్రూమ్‌కు పోవాలని బెల్లు కొట్టే తాతగారు, అర్ధరాత్రి లేచి మా ఊరి బస్సు వచ్చిందంటూ గేటు వైపు నడిచే మామ్మగారు, ఉన్నట్టుండి జ్వరం తగిలినవాళ్లు ఈ లెక్కలో లేనే లేరు. ఒక్క ఆయా వల్ల అయ్యే పని కాదిది.

అయినా పొద్దున్నే చార్టు చూస్తే రెండు గంటలకోసారి తిప్పినట్టు టిక్కులుంటాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్కసారే కూర్చుని పెట్టినవి. ఆ టిక్కులు చూసి ఆయా మీద కేకలేసే మేనేజర్లను చాలామందినే చూశాను. రాత్రికి ఇంకో మనిషిని పెట్టమని తన యజమానితో అనగలిగిన మేనేజరు మాత్రం అరుదు.

ఈ చేతుల కొరత మన ఒక్కరిదే కాదు. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అది వయసు మీరి ఒకరి సాయం లేనిదే గడవని వాళ్లు ఉండే చోటు. అక్కడ అలాంటివి దాదాపు 15 వేలు. వాటిలో పన్నెండు లక్షల మంది దాకా ఉంటారు. ఎంతమందికి ఎన్ని చేతులు అన్న లెక్క మీద ఆ దేశం నలభై ఏళ్లుగా పోట్లాడుకుంటోంది. ముసలివాళ్లను కుర్చీలకు కట్టేస్తున్నారన్న గోల పెరిగాక, 1986లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకుని 1987లో సంస్కరణ చట్టం తెచ్చారు. కట్టేయడం తగ్గింది. ఆయాకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలన్నారు. రిజిస్టర్డ్ నర్సు రోజుకు ఎనిమిది గంటలైనా ఉండాలన్నారు. మొత్తం సిబ్బంది ఎంతమంది అన్న దగ్గరికి వచ్చేసరికి, 'సరిపడా' ఉండాలని రాసి వదిలేశారు. ఎంతమంది సరిపోతారో హోమ్ నడిపేవాడే చెప్పుకోవచ్చు.

2001లో వాళ్ల ప్రభుత్వమే చేయించిన అధ్యయనం ఒక అంకె చెప్పింది. ఎక్కువకాలం ఉండేవాళ్లకు మనిషికి రోజుకు 4.1 గంటల నర్సింగ్ సేవ అందాలని, అంతకన్నా తగ్గితే నష్టం కనిపిస్తోందని దాని సారాంశం. ఆ నివేదికకు బూజు పట్టింది. కొవిడ్‌లో నర్సింగ్ హోముల్లో శవాల వరసలు చూశాక, 2024లో ఎట్టకేలకు అక్కడి ఆరోగ్య శాఖ నిబంధన తెచ్చింది. మనిషికి రోజుకు 3.48 గంటలు, అంటే ఇంచుమించు 209 నిమిషాలు. అందులో రిజిస్టర్డ్ నర్సువి 33, ఆయాలవి 147. పైగా నర్సు ఇరవైనాలుగు గంటలూ భవనంలోనే ఉండాలి. ఈ లెక్కన నాలుగింట మూడు హోములకు పైగా సిబ్బందిని పెంచుకోవాల్సిందేనని ఆ శాఖే ఒప్పుకుంది. యజమానుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. జూలైలో వచ్చిన బడ్జెట్ చట్టం 2034 దాకా అమలు చేయొద్దంది. డిసెంబరులో ఆ శాఖే దాన్ని రద్దు చేసి చేతులు దులుపుకుంది.

యజమానుల వాదనలో నిజం లేదనను. పల్లెల్లో నర్సులు దొరకరు. జీతాలకు డబ్బు పెట్టకుండా మనుషుల్ని మాత్రం పెట్టమంటే చిన్న హోములు మూతపడతాయి. కానీ దొరకరు అనే మాటను నేను సగమే నమ్ముతాను. వచ్చినవాళ్లు ఎందుకు నిలవడం లేదన్నది మిగతా సగం. 2021లో 'హెల్త్ అఫైర్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం అమెరికా నర్సింగ్ హోముల జీతాల రికార్డులు తిరగేసింది. మధ్యస్థంగా చూసినా ఏడాదికి 94 శాతం నర్సింగ్ సిబ్బంది మారిపోతున్నారు. సగటు తీస్తే 128 శాతం. కొన్ని చోట్ల ఒకే ఉద్యోగంలోకి ఏడాదిలో రెండు మూడు సార్లు కొత్త ముఖం వస్తోందన్నమాట.

మన హోముల్లో ఈ శాతాలు లెక్కగట్టేవాళ్లు ఎవరూ నాకు తగల్లేదు గానీ, పాఠం చెప్పి మళ్లీ అదే హోమ్‌కు వెళ్తే సగం మంది కొత్తవాళ్లు కనిపించడం నాకు మామూలైపోయింది. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో ఏజెన్సీ తీసుకొచ్చి దింపుతుంది. పన్నెండు గంటల డ్యూటీ, వారపు సెలవు పేరుకే. కుటుంబం కట్టే డబ్బుకూ ఆమె చేతిలో పడే డబ్బుకూ మధ్య ఎంత జారిపోతుందో ఆమెకూ తెలియదు, కుటుంబానికీ తెలియదు. పక్క హోమ్‌లో వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామంటే సంచి సర్దుకుంటుంది. అందులో ఆమె తప్పు నాకు కనిపించదు.

మనిషి మారితే ఏం పోతుందో అన్నం దగ్గర తెలుస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషికి అన్నం పెట్టడం అరగంట పని. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి దించమనాలి. పప్పన్నం మెత్తగా, జారిపోనంత చిక్కగా కలపాలి. పలచటి చారు, నీళ్లే ఎక్కువ ప్రమాదం. చెంచా అడుగున కొంచెమే తీసుకుని, మింగారని గొంతు కదలిక చూశాకే ఇంకో ముద్ద పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇంతవరకు ఎవరికైనా నేర్పొచ్చు. ఈ మామ్మగారు ముద్దను ఎడమ బుగ్గలో దాచుకుంటారు, అది వేలితో తీసే దాకా రెండోది పెట్టకూడదు. ఆ తాతగారికి పొలమారేముందు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, దగ్గు రాదు. ఇవి నేను నేర్పలేను. అదే మనిషికి నెలల తరబడి అన్నం పెట్టిన ఆయాకే తెలుస్తాయి. ఆమె శనివారం మానేసి పోతే, ఆదివారం వచ్చిన కొత్తమ్మాయి పది నిమిషాల్లో గిన్నె ఖాళీ చేయిస్తుంది. వారం తిరక్కుండా ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రిలో చేరుస్తారు. కేస్ షీటు మీద న్యుమోనియా అని మాత్రమే ఉంటుంది.

2003లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం టుపెలోలో బిల్ థామస్ అనే డాక్టరు ఆలోచనతో 'గ్రీన్ హౌస్' ఇళ్లు మొదలయ్యాయి. పెద్ద భవనం బదులు, ఇంటికి పదిమంది చొప్పున చిన్న ఇళ్లు కట్టారు. ఆ ఇంట్లో వంట, బట్టలు, స్నానాలు, తిండి అన్నీ అదే కొద్దిమంది చూసుకుంటారు. ఎవరు బుగ్గన ముద్ద దాస్తారో వాళ్లకు తెలుసు. నర్సింగ్ హోమ్‌లో కుక్కలూ పిల్లులూ చిలకలూ పెట్టిన డాక్టరుగానే థామస్ గురించి ఎక్కువగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన డ్యూటీ చార్టే నచ్చింది.

మన దేశంలో అరవై దాటినవాళ్లు 2022 నాటికి 14.9 కోట్లు. 2050కి 34.7 కోట్లు అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. చట్టం సంగతికొస్తే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమం పెట్టొచ్చంటుంది. ప్రైవేటు హోములకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలని 2019లో సవరణ బిల్లు తెచ్చారు. ఆ లోక్‌సభ గడువుతో పాటే అదీ చెల్లిపోయింది. 3.48 గంటలు మాకొద్దని కోర్టుకు పోయే అవసరం ఇక్కడ ఎవరికీ లేదు. అసలు అంకే లేదు కదా.

హోమ్ చూడ్డానికి వచ్చే పిల్లలు, ముఖ్యంగా డాలస్ నుంచో సిడ్నీ నుంచో వీడియో కాల్‌లో చూసేవాళ్లు, గదిలో ఏసీ ఉందా, కెమెరా ఉందా, మెనూలో ఇడ్లీ ఎన్నిసార్లు అని అడుగుతారు. కెమెరా ఉంటే మంచిదే. కానీ అమ్మ ఒకే పక్కకు ఆరు గంటలు పడుకోవడాన్ని కెమెరా చూపిస్తుంది, తిప్పదు. ఫీజు మాట్లాడుతూనే, రాత్రి రెండు గంటలకు ఎంతమంది ఆయాలు, ఎంతమంది మంచం మీద ఉన్నవాళ్లు అని అడగండి. ఆయాలలో ఏడాది దాటినవాళ్లు ఎందరని అడగండి. వీలైతే సంక్రాంతికి, కనుమ నాడు, చెప్పకుండా వెళ్లండి. ఊళ్లో పిల్లలున్న ఆయాలంతా భోగికి ముందే బస్సెక్కి ఉంటారు. ఆ రోజు హోమ్‌లో ఎన్ని చేతులు మిగిలాయో అదే ఆ హోమ్ అసలు బలం. అమెరికాలోనూ ఇంతే: యజమానులు రాసిచ్చిన లెక్కల బదులు జీతాల రికార్డులు చూడ్డం మొదలుపెట్టాక, చాలా చోట్ల శని ఆదివారాల్లో మనుషులు పలచబడుతున్నారని తేలింది.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె అక్కడి నర్సింగ్ హోమ్‌లో పని చేస్తోంది. కొత్త నిబంధన పోయినా పాతది ఒకటి ఇంకా ఉందని చెప్పింది. ఏ షిఫ్టులో ఎంతమంది నర్సులు, ఎంతమంది ఆయాలు, ఆ రోజు హోమ్‌లో ఎంతమంది ఉన్నారు అనే వివరాలు రోజూ రాసి, వచ్చేపోయేవాళ్లకు కనిపించేలా పెట్టాలి. దానికి కోట్లు అక్కర్లేదు. తెల్లబోర్డు, మార్కర్ చాలు.

ఇది నేను పాఠం చెప్పే ఒక హోమ్ యజమానితో అన్నాను. ఆయన కాసేపు గొణిగి, రిసెప్షన్ పక్కన బోర్డు పెట్టించాడు. మొదటి ఆదివారమే గొడవైంది. మామూలు రోజుల్లో ఆరు ఉండే పగటి ఆయాల గడిలో నాలుగు చూసి ఒక కొడుకు నిలదీశాడు. బోర్డు ఆఫీసు గదిలోకి పోయింది. ఈసారి ఆయాలే దాన్ని బయట పెట్టమన్నారు. పని ఎందుకు ఆలస్యమవుతుందో బంధువులకు తాము చెప్పుకోనక్కర్లేదు, బోర్డే చెబుతుందని వాళ్ల ధీమా. రాత్రికి ఇంకొకరిని పెట్టాలంటే ఫీజు పెంచాలి, కడతారా అని యజమాని కుటుంబాలను పిలిచి అడిగాడు. ఎక్కువమంది సరేనన్నారు. ఇద్దరు తమవాళ్లను వేరే హోమ్‌కు మార్చుకున్నారు. అక్కడ రాత్రి ఎంతమంది ఉంటారని నేనడిగితే, అడగలేదండీ అన్నారు. ఇక్కడ మాత్రం రాత్రి గడిలో ఒకటి పోయి రెండు వచ్చింది. ఎనిమిది గంటల షిఫ్టులు మూడు చేయొచ్చని నా వాదన, అలా చేస్తే జీతాలకే మునిగిపోతానని ఆయన వాదన. వచ్చే నెల జీతాల పుస్తకం తీసి ఇద్దరం కూర్చుంటామని మాట తీసుకున్నాను.