ఒక్క పందెం – సంభావ్యత: నలోపాఖ్యానంలోని అక్షహృదయం ఆధారంగా పరిశీలన

కీలకపదాలు: సంభావ్యత, అనుద్యూతం, నలోపాఖ్యానం, అక్షహృదయం, నన్నయ.

1. ప్రస్తావన

ఒక్కసారే జరిగే సంఘటనకు సంభావ్యతను అన్వయించడంలో అర్థం ఉందా? కోరుకొండ తీర్థం నాడు వాన కురిసే అవకాశం గురించి గడచిన ఏళ్ల లెక్కలు కొంత చెబుతాయి. ఈ ఏటి తీర్థం మాత్రం ఒక్కటే. సంభావ్యత పునరావృత సంఘటనల సమూహానికే చెందుతుందని 1928లో రిచర్డ్ ఫాన్ మీజెస్ వాదించాడు. అది వ్యక్తి విశ్వాసపు పరిమాణమనీ, అతడు ఒడ్డే పందెంతో దానిని కొలవవచ్చుననీ 1937లో బ్రూనో డి ఫినెట్టి ప్రతిపాదించాడు. కోరుకొండకు చేరువలోని రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించిన భారతకథ ఈ చర్చకు పందెం రూపంలోనే ఆధారాలను అందిస్తున్నది.

2. అనుద్యూతం

తొలి ద్యూతంలో ధర్మరాజు శకునికి వరుసగా ఓడాడు. అనుద్యూతంలో పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం ఒక్క పందెం మీద నిలిచాయి. ధర్మరాజు దీనిని విధాత ఆజ్ఞగా భావించాడు. అయితే వెనుకటి ఓటములన్నీ శకుని నేర్పుకు సాక్ష్యాలు. వాటిని బట్టి ఈ ఒక్క పందెంలో గెలుపు అవకాశం ఎంత స్వల్పమో ముందుగానే చెప్పవచ్చు. పిలుపును నిరాకరించరాదన్న క్షత్రియధర్మం ఆడడానికి కారణం కావచ్చు గాని, అది అంచనాకు బదులు కాజాలదు. దైవికంగా గెలిచి ఉన్నా ఆ అంచనాలోని లోపం లోపమే.

3. ఋతుపర్ణుని లెక్క

అరణ్యపర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుకు నలుని కథ వినిపిస్తాడు. ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూసినంతనే ఆకులను, పండ్లను లెక్కగట్టాడు. వ్యాసభారతం ప్రకారం రెండు కొమ్మల పండ్లు 2095. బాహుకుడు ఆ మాటను వెంటనే నమ్మలేదు. చెట్టును పడగొట్టి, లెక్కించి, సరిపోయిన తరువాతనే ఆ విద్యను కోరాడు. 1975లో ఇయాన్ హాకింగ్ సంభావ్యతా భావన చరిత్రను పరిశీలిస్తూ ఈ కథను చర్చించాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ పరీక్ష కూడా ఒక్కసారే జరిగింది. అయినా అది బలమైన సాక్ష్యం. అంత నిర్దిష్టమైన సంఖ్య కాకతాళీయంగా సరిపోవడం దుర్లభం. మూలంలో నలుడు పుష్కరుని ఒక్క పందెంతోనే గెలిచాడు. ఆ గెలుపును విడిగా చూస్తే, అటువంటిది విద్య ఎరుగనివానికి కూడా దక్కవచ్చు.

4. ముగింపు

ఒక్క సంఘటన ఇచ్చే సాక్ష్యపు బలం ముందుగా చేసిన ప్రకటన ఎంత నిర్దిష్టమన్నదానిపై ఆధారపడుతుంది. గెలుపోటముల వంటి ఫలితాల విషయంలో మీజెస్ అభ్యంతరానికి బలముంది. ఋతుపర్ణుని లెక్క విషయంలో ఆ బలం సడలుతుంది. బృహదశ్వుడు కథ ముగించి ధర్మరాజుకు అక్షహృదయాన్ని ఉపదేశించాడు. ఆ విద్య అందేనాటికి ఓటమి జరిగిపోయింది. కనుక ధర్మరాజు పాత్రను విమర్శించేటప్పుడు, పాచిక పడిన తీరు కంటే అది పడకముందు అతనికి తెలిసినదే ప్రమాణం కావాలి.