వస్త్రము నాళమైన విధము

1947లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున శస్త్రచికిత్స నభ్యసించుచుండిన ఆర్థర్ వూర్హీస్, తాను కొన్ని నెలలకు పూర్వము ఒక శునకపు గుండెగదిలో పొరపాటున విడిచిన పట్టుదారము నిగనిగలాడు సన్నని పొరచే కప్పబడియుండుట చూచి, దారమునకు పట్టిన పొర వస్త్రమునకు మాత్రమేల పట్టదని తలపోసెను. ఆ తలపే 1952 నాటికి విన్యాన్ అను కృత్రిమ నూలుబట్టతో కుట్టిన కృత్రిమ ధమనియైనది. అనంతరము హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అను శస్త్రవైద్యుడు, అంగడిలో నైలాను దొరకక డేక్రాన్ అను పాలిస్టర్ బట్టను కొని తెచ్చి, బాల్యమున తల్లివద్ద నేర్చిన కుట్టుపని యక్కఱకు రాగా, ఇంటి కుట్టుమిషనుపై నాళములను కుట్టెను. వైద్యచరిత్రలో ఇంతకంటె నా మనసునకు హత్తుకొన్న ఘట్టము లేదు.

అయినను కుట్టుట అర్ధకార్యము మాత్రమే; తక్కినది దేహము చేయవలెను. నాళమును రోగి ధమనికి జోడించి, క్లాంపులు సడలించి రక్తమును విడిచిన క్షణములలోనే అందలి మాంసకృత్తులు బట్టను కప్పును. వానిపై ప్లేట్‌లెట్లును, ఫైబ్రిన్ పోగులును పేరుకొని రంధ్రములను పూడ్చును. (పూర్వము వైద్యులు నాళమును రోగి రక్తముననే ముందుగా తడిపి గడ్డకట్టించెడివారు, జెలటిన్ గాని కొల్లాజెన్ గాని పూసిన నాళములు వచ్చుటచే నేడా శ్రమ తప్పినది.) వెలుపలినుండి భక్షకకణములు వచ్చి, ఈ పరాయి వస్తువును మ్రింగజాలక చుట్టుముట్టి నిలుచును, వాని వెంట తంతుకణములు చేరి, పందిరికి పాదు అల్లుకొనునట్లు, పోగుల సందులలో కొల్లాజెన్ నల్లును. ఇచట నొక ధర్మసంకటము గలదు: నేత దట్టమైనచో రక్తము కారదు గాని కణజాలము లోనికి చొరదు, వదులైనచో కణజాలము చక్కగా చొచ్చును గాని రక్తము స్రవించును. ఈ రెంటి నడుమ తగిన నేతను కనుగొనుటయే ఈ విద్యలోని సారమని నా దృఢాభిప్రాయము.

శునకములయందు నాళపు లోపలితట్టును సహజమైన ఏకకణపు పొర కాలక్రమమున చాలవఱకు కప్పగా, మానవునియందు ఆ పొర ధమనితో జోడించిన కుట్టునుండి ఒకటి రెండు సెంటీమీటర్లు ప్రాకి ఆగిపోవును. మధ్యభాగము ఏండ్లు గడచినను ఫైబ్రిన్ పొరతోడనే యుండును. జంతువులయందలి జయమును చూచి మనుష్యుని గూర్చి నిశ్చయించువారిని నేనందుచేతనే నమ్మజాలను. బృహద్ధమనివంటి విశాలమార్గమున రక్తవేగము గొప్పదగుటచే ఈ కొఱత అంతగా బాధింపదు. 6 మిల్లీమీటర్లకంటె సన్నని నాళములలోనో, రక్తము సులభముగా గడ్డకట్టును. కుట్టుచోట కండరకణములు మితిమీఱి పెరిగి మార్గమును ఇఱుకు చేయును. మాన్పవలసిన శక్తియే అచట శత్రువగుచున్నది. కావుననే మోకాలి దిగువ ధమని పూడుకొనినపుడు, రోగి కాలిసిర యోగ్యమైనది దొరకినచో, శస్త్రవైద్యుడు నేటికిని కృత్రిమనాళమును ప్రక్కనుంచి ఆ సిరనే యెన్నుకొనుచున్నాడు.