వానలో వాటా

గణితంలో ‘ప్రాజెక్టు పని’ ఇచ్చారంటే మా చిలకలగూడ పిల్లలు ముందు పరుగెత్తేది జిరాక్సు షాపుకి. గుడి గోపురం మీద త్రిభుజాలు, కలర్ ప్రింటు, చుట్టూ స్కెచ్ పెన్ను బార్డరు. ఫార్మేటివ్ పరీక్షల్లో దానికి 5 మార్కులు. పడిపోతాయి కూడా. లెక్క మాత్రం అందులో ఎక్కడా కనిపించదు. లెక్కలు చెప్పుకుని బతికే నాకు చార్టుల మీద కోపమేం లేదు గానీ, జవాబు ముందే తెలిసినదాన్ని ప్రాజెక్టు అంటే ఒప్పుకోను.

అందుకని ఈ వానాకాలం పదో తరగతి వాళ్లకు ఒక్కటే ప్రశ్న ఇచ్చాను. మీ ఇంటి మీద ఏడాదికి ఎన్ని నీళ్లు పడతాయి?

పైకి ఒక్క గుణకారమే. వంద గజాల డాబా అంటే 900 చదరపు అడుగులు, అంటే 83.6 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాది వాన సుమారు 80 సెంటీమీటర్లు. గుణిస్తే దాదాపు 67 వేల లీటర్లు. స్థలాలు గజాల్లో, ఫ్లాట్లు అడుగుల్లో, పాఠాలు మీటర్లలో నడిచే ఊళ్లో ఈ మార్పిడికే ఒక పూట పోయింది. పోనీ.

అసలు పేచీ రేకుల ఇంటి దగ్గర వచ్చింది. టేపు పట్టుకుని రేకు వాలు వెంట కొలిస్తే 10 అడుగులు. కింద నేల మీద కొలిస్తే తొమ్మిదిన్నర. ఏది వేయాలి? నీళ్లు పడేది రేకు మీద కాబట్టి 10 అన్నారు చాలామంది. ఒకమ్మాయి ఒప్పుకోలేదు. “రేకుని ఇంకా నిలువుగా లేపితే వాన ఎక్కువ పడుతుందా టీచర్?” అంది. అందరూ ఆగిపోయారు. నిలువునా కురిసే వానకి లెక్క నేల మీది కొలతదే. తొమ్మిదిన్నరని పదితో భాగిస్తే 0.95. కొసైన్ అంటే అదేనని నేను చెప్పేలోపే వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. త్రికోణమితి పాఠం అయిపోయి అప్పటికి చాలా రోజులైంది. అర్థమైంది మాత్రం ఆ రేకు కిందే.

బడి లెక్కకీ బయటి లెక్కకీ మధ్య ఈ ఎడం మా ఊళ్లోనే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫెలో జరిగిన ఒక అధ్యయనం 1985లో అచ్చయింది. వీధిలో సరుకులమ్మే పిల్లలు బేరం దగ్గర 98 శాతం లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెలు ఉత్త కూడికలు, గుణకారాలుగా ఇస్తే 37 శాతమే. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్ల నుంచి ఇదే చెప్పింది. బడి లెక్కల్లో గట్టివాళ్లు బజారు లెక్కలో తడబడటమూ అందులోనే ఉంది. మా క్లాసులో ఫస్టు వచ్చే పిల్లాడి మీద నాకున్న అనుమానం ఊరికే పుట్టింది కాదన్నమాట.

ఆ పిల్లాడే ఆ 67 వేల లీటర్లని జలమండలి ఉచితంగా ఇచ్చే నెలకు 20 వేల లీటర్లతో పోల్చి, మూడు నెలలకు పైగా నల్లా అక్కర్లేదని తేల్చేశాడు. వాన ఏమన్నా నెలనెలా జీతంలా పడుతుందా? ఒక్క జల్లు 25 మిల్లీమీటర్లు కురిస్తే రెండు వేల లీటర్ల పైనే వస్తాయి. మీ సంపు ఎంత, అప్పటికే అందులో ఎన్ని ఉన్నాయి అని పక్కవాళ్లు నిలదీస్తే సగటు మీద సగం నమ్మకం పోయింది. అది పోవడమే నాకు కావాలి.

అద్దెకుండే పిల్లాడొకడు చివర్లో లేచాడు. “డాబా మాది కాదు కదా టీచర్, మా వాటా ఎంత?” వాళ్లదీ వంద గజాల డాబానే, మూడు పోర్షన్ల ఇల్లు. ఆరుగురు, నలుగురు, ఇద్దరు. పోర్షన్ల లెక్కన ఒక్కో పోర్షన్‌కి 22 వేల చిల్లర లీటర్లు. మనుషుల లెక్కన ఆరుగురున్న వీళ్లింటికి 33,500, ఇద్దరున్న ఇంటికి 11 వేల పైన. వీధి చివరిదాకా వాదించుకుంటూ వెళ్లారు. రెండు లెక్కలూ రాసి ఓనరమ్మకి చూపించాడట. సంపు మోటారు కరెంటు బిల్లు కూడా అదే లెక్కన పంచి తీసుకురమ్మందట ఆవిడ.