గాండో పాఠశాల: చల్లదనం మట్టిదా, కప్పుదా?

శక్తిని పొదుపు చేసే భవనాల గురించి చదివేటప్పుడు మీకు తరచుగా ఎదురయ్యే ఉదాహరణ పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో ఉన్న గాండో ప్రాథమిక పాఠశాల. ఆ గ్రామంలోనే పుట్టిన ఫ్రాన్సిస్ కెరె, బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుకుంటున్న రోజుల్లోనే దీనిని రూపొందించారు. 2001లో పూర్తయిన ఈ బడికి 2004లో ఆగాఖాన్ పురస్కారం లభించింది. 2022లో కెరె ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. ఈ భవనాన్ని చాలామంది ‘మట్టి బడి’ అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు సగమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో పరిశీలిద్దాం.

మొదట గోడల సంగతి. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, అచ్చుల్లో ఒత్తి, ఆరబెట్టిన ఇటుకలివి. బట్టీలో కాల్చలేదు కనుక ఆ మేరకు ఇంధనం మిగిలింది. మందమైన మట్టి గోడ పగటి వేడిని వెంటనే లోపలికి పంపదు. తనలో ఇముడ్చుకొని ఆలస్యంగా వదులుతుంది. అప్పటికి పిల్లలు ఇళ్లకు చేరి ఉంటారు.

అయితే ఇవే గోడల మీద రేకులను నేరుగా పరిస్తే గది కొలిమి అవుతుంది. నడినెత్తి ఎండలో వేడి ఎక్కువగా దిగేది పైనుంచే. కెరె ప్రతిభ ఇక్కడ కనిపిస్తుంది. గదిపైన సందులు వదిలి ఇటుకలతో ఒక లోకప్పు వేశారు. దానికి పైన ఇనుప కడ్డీల చట్రం నిలిపి, ఎత్తులో రేకుల కప్పు అమర్చారు. ఎండకు రేకు కాలుతుంది. దాని కింది గాలి వేడెక్కి పక్కలనుంచి వెళ్లిపోతుంది. గదిలోని వేడిగాలి సందుల గుండా పైకి పోతే, కిటికీల నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఈ కదలికకు కరెంటు అక్కరలేదు. గోడలను దాటి ముందుకు వచ్చిన ఆ రేకులే మట్టిని వాన నుంచి కాపాడుతున్నాయి. అంటే మట్టి గోడ నిలవడంలోనూ కప్పుకు వాటా ఉంది.

కాబట్టి గాండో నుంచి నేర్చుకోవాలంటే దాని ఫొటో చాలదు. నిలువు కోత పటాన్ని, అంటే భవనాన్ని పైనుంచి కిందికి కోసినట్లు చూపే పటాన్ని చదవాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎండలు ముదిరితే ఒంటిపూట బడులు పెడతాం. బడి వేళలు మారుస్తాం గానీ, పిల్లల నెత్తిమీద కాలే స్లాబు జోలికి పోము.

అలాగని గాండోను ఉన్నదున్నట్లు దించడమూ సరికాదు. పిల్లలు రాత్రి కూడా ఉండే గురుకులంలో గోడలు ఆలస్యంగా వదిలే వేడి వారి నిద్రను చెడగొడుతుంది. అక్కడ రాత్రిగాలి ధారాళంగా ఆడాలి. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా తక్కువ. అక్కడ గోడ మందం కన్నా గాలి కదలిక ముఖ్యం.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఒక బడిని అనుమతి తీసుకొని మధ్యాహ్నం వేళ చూడండి. తరగతి గదిలోకి వేడి ఎటునుంచి వస్తున్నదో గమనించి, నిలువు కోత పటం గీయండి. బాగుచేయడానికి మొదటి రూపాయి ఎక్కడ ఖర్చు పెడతారో కారణాలతో పది వాక్యాల్లో రాయండి.