ఏడు మాత్రల దగ్గర కలిసే భాషలు

గజల్ చదివే కవి ప్రతి షేర్‌లోనూ, అంటే ప్రతి రెండు పాదాల జంటలోనూ, మొదటి పాదాన్ని రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు చెబుతాడు. సభను ఊరించడానికే. రెండో పాదం చివర ఏ మాట పడబోతోందో అందరికీ ముందే తెలుసు. చివర తిరిగి తిరిగి వచ్చే రదీఫ్ మారదు, దాని ముందు వచ్చే ప్రాస మాట, కాఫియా, ఒక్కటే కొత్తది. ఆ కొత్త మాట ఎలా వచ్చి పడుతుందా అని చెవులన్నీ కాచుకుని ఉంటాయి. ఉర్దూ ముక్క రానివాళ్లు కూడా మూడో షేర్‌ కల్లా రదీఫ్‌ను పట్టేసి, కవితో పాటు అందుకుంటారు. హైదరాబాద్‌లో జరిగే బహుభాషా ఓపెన్ మైక్ సాయంత్రాలు ఇలాంటి పట్టు దొరికినప్పుడే పండుతాయి.

ఓపెన్ మైక్ పద్ధతి దిగుమతి సరుకే. వచ్చినవాళ్లు కాగితం మీద పేరు రాయిస్తారు, తలా ఐదు నిమిషాలో ఏడు నిమిషాలో ఇస్తారు, పాటైనా పద్యమైనా ఒకటే లెక్క. బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంటిని 2010లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికగా మార్చిన తర్వాత, చాయ్, సమోసాల మధ్య ఇలాంటి వేదిక ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత కెఫేలూ అందుకున్నాయి. అంతకుముందు ఈ ఊళ్లో కవిత్వానికి కొదవ లేదు కానీ, గదులు వేరు. తెలుగు కవి సమ్మేళనానికి వెళ్లేవారు ఉర్దూ ముషాయిరాకు వెళ్లరు, ముషాయిరాకు వెళ్లేవారు సమ్మేళనం ఊసెత్తరు. రెండుచోట్లా పెద్దరికం చూసి వరస కడతారు. ముషాయిరాలో పేరున్నవాళ్లు చివర్లో చదువుతారు, సమ్మేళనంలో అధ్యక్షుల వారి ప్రసంగం కవితలన్నిటి కన్నా పొడుగు. ఓపెన్ మైక్‌లో ఆ వరస లేదు. ముందు రాయించుకున్నవాడిదే ముందు.

అలాగని నిర్వాహకుడు చేతులు కట్టుకుని కూర్చుంటే సభ చెడుతుంది. తెలిసినవాడైతే ఒకే భాషవాళ్లను ముగ్గుర్ని వరసగా పిలవడు. బరువైన వచన కవిత తర్వాత పాట పెడతాడు. గజల్‌ను రాగంలో తరన్నుమ్‌గా పాడే మనిషి వెనకే, మామూలు గొంతుతో తహత్‌లో చదివే మనిషిని నిలబెట్టడు. నిలబెడితే రెండోవాడిది చప్పగా తేలుతుంది.

అంతకన్నా కష్టమైన పని శ్రోతలది. ఉర్దూ శ్రోత మధ్యలో మాట్లాడతాడు. వాహ్ అంటాడు, మళ్లీ చెప్పమని ముకర్రర్ అంటాడు, పాదాన్ని తిరిగి అప్పజెబుతాడు. వచన కవితకు అలవాటుపడ్డ తెలుగు శ్రోత చివరిదాకా గమ్మున ఉండి, అప్పుడు చప్పట్లు కొడతాడు. పద్య నాటకాలకు వన్స్ మోర్ కొట్టిన జాతి ఇంత బుద్ధిమంతంగా ఎప్పుడు మారిందో గానీ, మారింది. మొదటిసారి వచ్చిన గజల్ కవికి ఆ మౌనం అవమానంలా తోస్తుంది. తెలుగు కవికేమో మధ్యలో వాహ్ అంటే పాదం తెగినట్టుంటుంది. ఈ సంగతి మొదట్లోనే ఓ మాట చెప్పే నిర్వాహకుడు సగం పని చేసినట్టే.

ఇక అసలు కిటుకు లయలో ఉంది. గురజాడ 1910లో తెచ్చిన ముత్యాల సరం నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ఆయన దేశభక్తి గేయం బడిలో పాడినవాళ్లందరి ఒంట్లో ఈ నడక ఉంది. ఇప్పుడు ఉర్దూ ఛందస్సులోని ఫాయిలాతున్ అనే గణం తీసుకోండి. ఫా రెండు, యి ఒకటి, లా రెండు, తున్ రెండు. కలిపితే ఏడు, విరిస్తే మూడూ నాలుగూ. గాలిబ్ దీవాన్‌లోని మొదటి గజల్ నడిచేది ఈ గణం మీదే. కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు ఏడు, హిందుస్తానీలో రూపక్ తాళం ఏడు. అంటే తెలుగు గేయం, ఉర్దూ గజల్, మృదంగం, తబలా ఒకే సాయంత్రం ఒకే అడుగు వేయడానికి అడ్డేమీ లేదు. గాలిబ్‌ను దాశరథి తెలుగులోకి తెచ్చినా, ఉర్దూ మీడియంలో చదువుకున్న సినారె తెలుగులో గజళ్లు రాసి తానే పాడినా, వాళ్ల చెవిలో ఈ రెండు నడకలూ ముందే కలిసి ఉండాలి.

చిక్కంతా గిటార్ కుర్రాళ్లతో వస్తుంది. వాళ్ల చెయ్యి నాలుగుకు అలవాటుపడింది. ఏడు మాత్రల పాదానికి తెలియకుండానే ఎనిమిదోది తగిలిస్తారు. దాన్ని అందుకోవడానికి పాడే అమ్మాయి ఒక అక్షరాన్ని సాగదీస్తుంది, రెండో చరణానికి ఇద్దరూ చెరో దారి. ముందుగా ఒక మూల నిలబడి తకిట తకధిమి అని చేత్తో వేసుకుంటే చాలు, ఈ తంటా ఉండదు.

మైక్ దగ్గర కూడా చిన్న జాగ్రత్తలే. గొంతెత్తి పద్యం పాడేవాళ్లు రాగం తీసేటప్పుడు మూతిని జానెడు వెనక్కి లాక్కోవాలి. మెల్లగా చదివేవాళ్లు నాలుగు వేళ్ల దూరానికి రావాలి. ప, ఫ, భ పలికినప్పుడు గాలి సూటిగా తగిలి స్పీకర్ ఢామ్మంటుంది కాబట్టి మైక్‌ను కొంచెం పక్కకు వంచుకోవాలి. ఫోన్‌లో చూసి చదవడం నాకు నచ్చదు. వేలితో తెర జరిపే క్షణంలో పాదం విరుగుతుంది, సరిగ్గా చివరి పాదానికి తెర ఆరిపోతుంది. కాగితం మేలు, కంఠస్థం ఇంకా మేలు.

అనువాదం గురించి తగువు ఎప్పుడూ ఉండేదే. పాదం చదివి, వెంటనే ఇంగ్లీషులో అర్థం చెప్పి, మళ్లీ ఇంకో పాదం చదివేవాళ్లున్నారు. అలా చేస్తే కవితా మిగలదు, అర్థమూ మిగలదు. తెర మీద అనువాదం వేస్తే కళ్లన్నీ తెరకే అతుక్కుంటాయి, మనిషి ముఖం చూసేవాళ్లుండరు. నేను చూసినంతలో బాగా పనిచేసేది ఇది: చదవడానికి ముందు సభకు తెలిసిన భాషలో రెండు వాక్యాలు. కవితలో మాట్లాడేది ఎవరు, ఎవరితో. కావాలంటే, పదే పదే వచ్చే మాటకు అర్థం. ఆపైన గొంతు చూసుకుంటుంది.

ఇంత చెప్పినా, పేర్లు రాయించుకున్న కాగితం చూస్తే ఇంగ్లీషు, హిందీ, ఉర్దూలవాళ్లే ఎక్కువ. సొంత ఊళ్లో తెలుగు వెనక బెంచీలో కూర్చోవడానికి మన మొహమాటం కొంత కారణం. లంబాడా పాట సంగతి అలా కాదు. బంజారాలనే ఆ లంబాడాల పేరు మోసే బంజారాహిల్స్‌లో వాళ్ల భాష వినబడకపోవడానికి ఐదు నిమిషాలు, ఒక్క మైక్, ఒక్క మనిషి అనే కొలతే అడ్డు. తీజ్ పండగ పాటలు ఆడపిల్లలు గుంపుగా, గుండ్రంగా తిరుగుతూ పాడేవి. వాళ్లను పిలవాలంటే స్టాండు తీసేసి, ముందు వరస కుర్చీలు వెనక్కి జరిపి, గడియారాన్ని కాసేపు పక్కన పెట్టాలి.