బీరపువ్వుకు పెళ్లిపెద్ద

సాయంత్రం ఆరున్నర. మిద్దె మీద బీరపాదు ముందు కూర్చుని మగపువ్వొకటి తెంపి, రేకలు వెనక్కి విరిచి, పిందె మీద విచ్చుకున్న ఆడపువ్వుకు మెల్లగా అద్దాను. ఈ ఏడాది నేను జరిపించిన పెళ్లిళ్లన్నీ ఇవే. బీర పొద్దువాలాక పూస్తుంది, ఆ వేళకు తిరిగే పురుగులు రావాలి. మా నాలుగో అంతస్తుకి అవి రావడం తగ్గిపోయింది. పిందెలు పసుపు తిరిగి రాలిపోతుంటే చూడలేక వాటి పని నేనందుకున్నాను.

ఆ రోజుల్లోనే అలెగ్జాండ్రా డైసీ గిన్స్‌బర్గ్ అనే బ్రిటిష్ కళాకారిణి పని నా కంటబడింది. కార్న్‌వాల్‌లోని ఈడెన్ ప్రాజెక్ట్ కోసం 2021లో ‘పాలినేటర్ పాత్‌మేకర్’ మొదలుపెట్టింది. అక్కడ 55 మీటర్ల పొడవున తోట లేచింది. తర్వాత లండన్ కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో, బెర్లిన్‌లో. ఏ మొక్క పక్కన ఏది ఉండాలో తేల్చేది మాత్రం ఆమె కాదు, ఒక అల్గారిథం. ప్షెమెక్ విటాష్‌చిక్ అనే భౌతికశాస్త్రవేత్తతో దాన్ని తయారుచేయించుకుంది. చూసే మనిషికి ఎలా ఉన్నా సరే, వీలైనన్ని రకాల పురుగులకు తిండి దొరకాలి, అంతే. సహానుభూతి అన్న మాటను ఆమె అలా లెక్కలోకి దించింది.

ఆ వెబ్‌సైట్లో ఎవరైనా ఆడుకోవచ్చు. స్థలం కొలత, నేల రకం, ఎండా నీడా చెబితే తోట తెర మీద పరుచుకుంటుంది. రుతువు మార్చి చూడొచ్చు, పురుగు కంటితోనూ చూడొచ్చు. తేనెటీగకు ఎరుపు కనబడదు, మనకు కనబడని అతినీలలోహితం కనబడుతుంది. నేనూ ఒక తోట వేసుకున్నాను. మొక్కలన్నీ చలిదేశాలవి, మన మే నెలకు ఆగేవి కావులెండి. అత్తయ్య నా భుజం మీంచి చూసి, “ఇదేం తోటే అమ్మాయ్, వరసా వావీ లేకుండా!” అంది. వరసలు మనకు కావాలి. తుమ్మెదకు ఎందుకు?

ఇంకో తరహా కళ ఉంది, కళ్లకు వర్చువల్ రియాలిటీ తొడుగు పెట్టి పరకాయ ప్రవేశం చేయించేది. లండన్‌కు చెందిన మార్ష్‌మెలో లేజర్ ఫీస్ట్ బృందం 2015లో ఇంగ్లండ్‌లోని గ్రైజ్‌డేల్ అడవిలో జనాన్ని దోమగా, తూనీగగా, కప్పగా, గుడ్లగూబగా మార్చి ఆ అడవినే చూపించింది. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో కొందరు మోకాళ్ల మీద పాకుతూ ఆవులయ్యారు, ఇంకొందరు ఆమ్లం పెరిగిన సముద్రంలో పగడమయ్యారు. అదే సంగతిని వీడియోలో చూసినవాళ్ల కంటే వీళ్లకు ప్రకృతి దగ్గరగా తోచిందట. కాదనను. కానీ పరకాయ ప్రవేశం చేసిన శంకరాచార్యులవారు కూడా చివరికి తన శరీరంలోకి తిరిగొచ్చేశారు. తొడుగు తీశాక మన కుండీలు మన ఇష్టప్రకారమే ఉంటాయి. గిన్స్‌బర్గ్ నన్ను తేనెటీగవి కమ్మనలేదు. నా ముచ్చట కాస్త పక్కన పెట్టమంది. నాకది ఎక్కువ కష్టమైంది.

ఎందుకంటే మర్నాడు మిద్దె ఎక్కితే మొదట కంటబడింది నా ముద్దమందారం, నర్సరీలో గంటసేపు బేరమాడి తెచ్చుకున్నది. ఆ రేకల్లో చాలామటుకు కేసరాలే రేకులుగా మారినవి. వచ్చినవాడికి విస్తరి వేసి వడ్డించనట్టే. అరగంట కాపలా కాశాను, ఒక్క ఈగ కూడా వాలలేదు.

తులసి వెన్నులు గిల్లడం మానేశాను. “గిల్లితేనే గుబురవుతుందే,” అంది అత్తయ్య. “ఈ నెల్లాళ్లూ ఉండనివ్వండి అత్తయ్యా.” ఆవిడ మొహం ముడుచుకుంది, తులసికోట అందం పోయిందని. నాకూ కొంచెం అలాగే ఉంది. నాలుగో రోజుకి చిన్న తేనెటీగలు వచ్చాయి. ఒక్కో వెన్నునూ అడుగు నుంచి పైదాకా తడుముకుంటూ, ఏ పువ్వూ వదలకుండా వెళ్లాయి. కాళ్లకు పుప్పొడి మూటలు.

బీర సంగతి తేలలేదు. బీరకు రావలసిన దీపం పురుగులను మా మిద్దె మీది ఎల్ఈడీ లైటు దారి తప్పిస్తోందేమోనన్న అనుమానంతో నిన్న దాన్ని ఆర్పి చీకట్లో కూర్చున్నాను. మొదట వచ్చినవి దోమలు, నా ఊపిరి వాసన పట్టుకుని. గ్రైజ్‌డేల్ దాకా వెళ్లక్కర్లేకపోయింది. కాసేపటికి పాదు మీద ఏదో బూడిదరంగు రెక్క కదిలినట్టనిపించింది. లైటు వేసి చూద్దామని చెయ్యి స్విచ్చు దాకా వెళ్లింది. వెయ్యలేదు.